నాలుగింటికి తిరిగొచ్చిన కరెంటు

హన్మాండ్లు ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది. గది మాత్రం చల్లగా ఉంది.

గల్ఫ్‌లో మఫ్రఖ్ లేబర్ క్యాంపు. సి బ్లాకు, 214 నంబరు గది. 2024 జూలై ఒకటి, సోమవారం. సాయంత్రం 5:40.

శ్యాంప్రసాద్ గుమ్మంలోనే ఆగిపోయాడు. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అతనిది సేఫ్టీ ఇన్వెస్టిగేటర్ ఉద్యోగం. అమలాపురం మనిషి. పదకొండేళ్ళలో వడదెబ్బ చావులు బోలెడు చూశాడు. అన్నీ ఎండలో పోయినవే. ఏసీ కింద మంచం మీద పడుకుని వడదెబ్బతో పోయినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"4:55కి చూసినప్పుడు ఒంటి వేడి నలభై రెండు డిగ్రీలు. వడదెబ్బే, అనుమానం లేదు" అన్నాడు అంబులెన్స్‌లో వచ్చిన డాక్టరు.

పోలీస్ ఆఫీసర్ అప్పటికే కేసు తేల్చేశాడు. తలుపుకి బయటినుంచి తాళం. తాళంచెవి రూమ్మేట్ భూమేశ్ జేబులో. ఏసీ రిమోట్ కోసం నిన్న ఇద్దరూ తన్నుకున్నారని క్యాంప్ బాస్ మురళీ సాక్ష్యం. ఇంకేం కావాలి? పొద్దున్నే ఏసీ ఆపి తాళం వేసుకుపోయాడు, సాయంత్రం వచ్చి ఏసీ వేసి గోల పెట్టాడు. కింద జీపు ఇంజను ఆగలేదు. పావుగంటలో తీసుకుపోతాం అన్నాడు ఆఫీసర్.

భూమేశ్ వరండాలో నేలమీద కూర్చుని ఉన్నాడు. చేతులకు బేడీలు. ఆ జీపెక్కితే మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో దేవుడికే తెలియాలి. శ్యాంప్రసాద్ అతని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తాళం ఎందుకేశావ్?"

"వాడే ఎయ్యమంటడు సార్. నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకుంటడు. నడుమల ఎవలన్న తలుపు కొడితే నిద్ర ఖలాస్. బయట తాళం ఉంటే రూముల ఎవలు లేరనుకుంటరు. ఈడ నైటోళ్ళందరు గట్లనే పండుకుంటరు."

"ఎన్నింటికి వేశావ్?"

"పొద్దుగాల 5:10కి. ఏసీ నడుస్తుండె."

"తీసిందెప్పుడు?"

"4:40కి. రూము సల్లగనే ఉండె. దుప్పటి కప్పుదామని పోయిన. చెయ్యి పెడితే కాలింది సార్."

"నిన్న కొట్టుకున్నారా?"

"రోజు కొట్టుకుంటం. వాడు పద్దెనిమిది పెడతడు, నాకు సలి. వాడు మా ఊరోడు సార్. నేనెందుకు సంపుత?"

శ్యాంప్రసాద్ లేచి గదిలోకి వెళ్ళాడు. కిటికీ అద్దం సిమెంటుతో బిగించేసి ఉంది. దిండు పక్కన నిద్రమాత్రల అట్ట. రెండు మాత్రలు తీసిన గుంటలు. నడుం నొప్పికి అవి మింగనిదే హన్మాండ్లుకి కునుకు పట్టేది కాదట. పాపం, ఆ మత్తులో ఉక్కపోత ఎప్పుడు మొదలైందో కూడా తెలిసి ఉండదు.

ఎదుటి గోడమీద ప్లగ్గుకి పెట్టిన ఎర్రంకెల గడియారం. అందులో 1:46.

శ్యాంప్రసాద్ తన వాచీ చూసుకున్నాడు. 5:46.

"అది ఇండియా టైం అట సాబ్. వీళ్ళందరికీ అదో పిచ్చి" అన్నాడు సెక్యూరిటీ గార్డు ఇనాయతుల్లా, హిందీలో.

నిజమే. ఇంటికి ఫోన్ చేయడానికి లెక్క తప్పకూడదని గోడ గడియారం ఇండియా టైముకి పెట్టుకునే గదులు క్యాంపులో సగం. కానీ ఇండియాలో ఇప్పుడు 7:16 కావాలి. ఈ 1:46 ఏ దేశం టైము? పోలీసులు, డాక్టరు, మురళీ... అందరూ దాని కిందే అటూ ఇటూ తిరిగారు. ఒక్కడికీ పట్టలేదు.

ఫోన్‌తో ఫోటో తీశాడు. ఆఫీసర్‌ని పిలిచాడు. ఆయన కళ్ళముందే ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టాడు.

గడియారం 12:00 చూపించింది.

"దీనికి బ్యాటరీ లేదు సార్. కరెంటు పోతే చచ్చిపోతుంది. వస్తే పన్నెండు నుంచి మొదలెడుతుంది. నేను చూసినప్పుడు 1:46. అంటే కరెంటొచ్చి నూట ఆరు నిమిషాలు. 5:46 లోంచి తీసేయండి."

ఆఫీసర్ పెదాలు కదిలాయి. "నాలుగు."

"నాలుగు గంటలకి, నిమిషం అటూ ఇటూ లేకుండా. రిమోట్‌తో ఏసీ ఆపితే గడియారం ఆగదు. పోయింది గది మొత్తం కరెంటు. తిరిగొచ్చేసరికి భూమేశ్ సైట్‌లో ఉన్నాడు. సైట్ గేట్ పంచింగ్ మెషిన్‌లో నాలుగు దాటాకే ఉంటుంది, కనుక్కోండి. కరెంటు రాగానే ఏసీ దానంతటదే మొదలై, నలభై నిమిషాల్లో గది చల్లబడింది. అందుకే మనందరం మోసపోయాం."

ఆఫీసర్ ఫోన్ చేశాడు. 4:05. నిజమే.

"ఎదురు గదికి కరెంటు పోయిందా?"

"లేదు సాబ్" అన్నాడు ఇనాయతుల్లా. "మధ్యాహ్నమంతా ఇక్కడే కూర్చున్నా. మీటర్ బాక్స్ దగ్గరికి ఎవరూ రాలేదు. దాని తాళంచెవి ఆఫీసులో ఉంటుంది."

శ్యాంప్రసాద్ మురళీ వైపు తిరిగాడు. ఆ చల్లటి గదిలో మురళీ మెడంతా చెమట.

"ఈ గది కరెంటు ఎవరిది మురళీ గారూ?"

ఈ క్యాంపులో అదో కొత్త వ్యవహారం. జనవరి నుంచి క్యాంపు యజమాని ఇక్కడ కరెంటు అమ్మకం మూడు ప్రైవేటు కంపెనీలకు వదిలేశాడు. ఏ గదివాళ్ళు తమకి నచ్చిన కంపెనీని ఆ గదికి పెట్టించుకోవచ్చు. ముగ్గురు పోటీపడితే లాభం మనకేనని మురళీ గదిగదికీ తిరిగి చెప్పాడు. 214 కుర్రాళ్ళు నమ్మారు. అందరికంటే చవకైన ప్లాను తీసుకున్నారు.

"ప్లాను కాగితాలు తెప్పించండి. నైట్ షిఫ్ట్ లిస్టు కూడా."

"ఇప్పుడవి ఎందుకండీ? రేపు..."

"ఇప్పుడే."

6:05కి ఫైలొచ్చింది. శ్యాంప్రసాద్ చకచకా తిప్పాడు. నాలుగో పేజీలో దొరికింది. జూలై ఒకటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా, అందరూ కరెంటు ఎక్కువ వాడే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు, ఈ ప్లానులో సప్లయ్ ఉండదు, కంపెనీయే దూరం నుంచి ఆపేస్తుంది. ఆ వేళ గదిలో ఎవరూ ఉండరని కింద హామీ. దానిమీద మురళీ సంతకం.

ఈరోజు జూలై ఒకటి. మొదటి రోజు.

"రాత్రే కదా పడుకునేది అని కంపెనీవాళ్ళు అడిగితే, వీళ్ళే అవునన్నారండి" అన్నాడు మురళీ.

"అన్నారు. ఏప్రిల్‌లో. అప్పుడందరూ డే షిఫ్టే." శ్యాంప్రసాద్ రెండో కాగితం పక్కన పెట్టాడు. "జూన్ పదిన హన్మాండ్లుని నైట్‌కి వేసింది ఎవరు? ఈ సంతకం ఎవరిది?"

సంతకం మురళీదే.

"మధ్యాహ్నం ఇక్కడ మనిషి పడుకుంటున్నాడని మీకు తెలుసు. కంపెనీకి చెప్పలేదు. మనిషి పోయాక పోలీసులకూ చెప్పలేదు. పైగా రిమోట్ గొడవ చెప్పి ఇతన్ని ఇరికించారు."

"మర్చిపోయానండీ. మూడొందల గదులు, మూడు కంపెనీలు, ఒక్కోదానికీ ఆరేసి ప్లాన్లు. నేనొక్కణ్ణి ఎన్నని గుర్తుపెట్టుకోను?"

ఆఫీసర్ భూమేశ్ చేతుల బేడీలు విప్పించాడు. జీపులోకి మురళీ ఎక్కాడు.

కథ అక్కడితో ముగిస్తే శ్యాంప్రసాద్‌కి ఆ రాత్రి నిద్రపట్టేదే. కానీ కరెంటు కంపెనీకి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి తడుముకోకుండా చెప్పింది.

"12:45కి మెసేజ్ పంపాం సర్. ఒకటి నొక్కి పంపితే సప్లయ్ ఆపేవాళ్ళం కాదు. ఎక్కువ రేటు పడేది, అంతే."

"ఏ నంబరుకి?"

ఆమె చెప్పిన నంబరు భూమేశ్‌ది. రూములో పెద్దవాడిగా నంబరిచ్చింది అతనే.

"వచ్చింది సార్" అన్నాడు భూమేశ్. "మధ్యాహ్నం ఎండకు పనాపి షెడ్డు కింద కూసున్న. ఇంగ్లీషుల ఉండె. రోజుకు పది ఆఫర్లొస్తయి. తీసేసిన. ఏమున్నది సార్ అండ్ల?"

అబద్ధం చెప్పాలనిపించింది శ్యాంప్రసాద్‌కి. రేపో మాపో ఎవరో ఒకరు చెబుతారు. అది తన నోటి నుంచి వినడమే నయమనుకుని చెప్పాడు.

భూమేశ్ మణికట్టు మీద బేడీల గుర్తు రుద్దుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు స్టేట్‌మెంట్ మీద సంతకం కోసం శ్యాంప్రసాద్ మళ్ళీ 214కి వచ్చాడు. మధ్యాహ్నం 12:40. తలుపుకి తాళం లేదు. లోపల మరో మంచం మీద దయాకర్ నిద్రపోతున్నాడు. రూములో మూడోవాడు. హన్మాండ్లు బదులు నిన్న రాత్రే అతన్ని నైట్ షిఫ్ట్‌కి వేశారు. ప్లాను మార్చడానికి వారం పడుతుందని కంపెనీ చెప్పింది. భూమేశ్ డ్యూటీకి పోలేదు. గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

12:45కి అతని చేతిలో ఫోన్ మోగింది.

భూమేశ్ ఒకటి నొక్కి పంపాడు. వెంటనే జవాబొచ్చింది. ఫోన్ శ్యాంప్రసాద్‌కి చూపించాడు.

"ఏమంటున్నది సార్?"

"థాంక్స్ అంటోంది. కరెంటు ఆపరట."

"గంతేనా?"

"అంతే."

"నిన్న గూడ గింతే పని ఉండెనా సార్?"

శ్యాంప్రసాద్ చూపు దించుకున్నాడు. "ఇంతే భూమేశ్."

ఒంటిగంట దాటింది. ఏసీ నడుస్తూనే ఉంది. శ్యాంప్రసాద్ వెళ్ళిపోయేటప్పుడు కూడా భూమేశ్ అక్కడే ఉన్నాడు. నాలుగయ్యేదాకా లేవనన్నాడు.