సుమిరె మామయ్య కార్డు

నేను జపాన్‌లో, మత్సుయామా ఊళ్ళో ట్రామ్ నడుపుతాను. మా ఉద్యోగంలో ఏది చూసినా వేలెత్తి చూపించి, చూసింది పైకి అనాలి. "సిగ్నల్, పచ్చ. తలుపులు, మూసుకున్నాయి." పక్కన ఎవరూ లేకపోయినా సరే. ఆరేళ్ళుగా అంటున్నాను. ఇంట్లో గ్యాస్ పొయ్యిక్కూడా అదే మర్యాద.

అక్క నడుము ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరింది. ఆ ఆరు వారాలూ అక్క కూతురు సుమిరెని డేకేర్ నుంచి ఇంటికి తెచ్చే పని నాది. డేకేర్ వాళ్ళు మెడలో వేసుకోమని ఒక కార్డు ఇచ్చారు. దాని మీద "సుమిరె మామయ్య" అని ఉంటుంది. నా పేరు హిగాకి అని అక్కడ ఎవరికీ అవసరం పడలేదు.

రెండో వారంలో కొమాకి టీచర్ నన్ను పక్కకి పిలిచింది.

"సుమిరె మామయ్య గారూ, ఒక్క మాట. ఇవాళ క్లాసులో గకు అనే పిల్లాడి మొహం మీదికి వేలు చూపించి, 'గకు, ఏడుస్తున్నాడు' అని చెప్పి మీ సుమిరె వెళ్ళిపోయింది."

"ఏడుస్తున్నాడా మరి?"

"ఏడుస్తున్నాడు."

"అయితే సరిగ్గానే చూసింది."

"చూసింది బాగానే ఉంది. తర్వాత?"

"తర్వాతేముంది. ముందుకెళ్ళడమే."

"ఎర్ర సిగ్నల్ పడినా ముందుకెళ్ళడమేనా?"

"ఎర్రదైతే ఆగాలి."

"మరి ఏడుస్తున్న పిల్లాడు ఏ రంగు?"

ఆరేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. ఆ రోజు ఇంటికెళ్తూ రెండుసార్లు దారి తప్పాను. పట్టాలు లేనందువల్ల అనుకున్నాను. కాదు, ఆవిడ వల్ల.

నన్ను చూసి సుమిరెకి పట్టుకున్న అలవాటు మాన్పించమంటుందేమో అని భయపడ్డాను. ఆవిడ మాన్పించలేదు. వేలు బదులు అరచెయ్యి చాపమంది, చివర రెండు మాటలు కలిపింది. "గకు, ఏడుస్తున్నాడు. ఆగు. ఏమైంది, గకూ?" వారం తిరిగేసరికి క్లాసంతా అదే పాట. ఏప్రిల్‌లో డేకేర్‌లో చేరినప్పటి నుంచి ఒక్క స్నేహితుడు లేని సుమిరె, ఇసక దగ్గర గకు పక్కన కూర్చుని "పార ఇస్తావా?" అంది. వాడు "పది గుంటలు తవ్వాక ఇస్తా" అన్నాడు. పది దాకా ఎదురుచూసింది. ఆడుకున్నాక తిరిగి ఇచ్చేసింది కూడా.

"కొమాకి టీచర్, నవ్వుతోంది" అన్నాను.

"ఏమన్నారు?"

"ఏం లేదండీ. ఉద్యోగం అలవాటు."

ఆరు వారాలు ఎంతసేపు. అక్క కర్ర పట్టుకుని ఇంటికొచ్చింది. శుక్రవారంతో నా పని అయిపోయింది.

"కార్డు తెచ్చారా?" అంది కొమాకి టీచర్.

"మర్చిపోయానండీ." అది నా జేబులోనే ఉంది.

సోమవారం జోరు వాన. అక్కకి గొడుగు పట్టాలన్న వంకతో నేనూ వెళ్ళాను.

"కార్డు?"

"ఉతకడానికి వేసిన చొక్కాలో ఉండిపోయింది."

బుధవారం మళ్ళీ అదే వాన, అదే గొడుగు. "కార్డు, సుమిరె మామయ్య గారూ." ఈసారి గొంతు కాస్త గట్టిగానే ఉంది. నన్ను ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తోందని అర్థమైంది. బాధేసింది. ఆ కార్డు ఇచ్చేస్తే, రేపు ఆ గేటు దగ్గర నేను ఎవరినో.

"ఇంట్లో..." అని మొదలుపెట్టాను.

సుమిరె నా జేబు వైపు అరచెయ్యి చాపింది. "మామయ్య జేబు. కార్డు, ఉంది."

కొమాకి టీచర్ నా జేబు కేసి చూసింది. అక్క వాన కేసి చూసింది.

"ఆడుకున్నాక ఇచ్చెయ్యాలి మామయ్యా" అంది సుమిరె. "ఇవ్వాలని లేకపోతే ఎందుకో చెప్పాలి. దాచుకోకూడదు."

నాలుగేళ్ళ పిల్లకి వచ్చిన పని నాకు రాదనడానికి మొహం చెల్లలేదు. కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చాను.

"ఇది ఇచ్చేస్తే మిమ్మల్ని చూడ్డానికి నాకు ఇంకో వంక లేదు. మీరంటే నాకు ఇష్టం. అందుకని దాచాను. క్షమించండి."

ఆవిడ కార్డుని సొరుగులో పెట్టి తాళం వేసింది. అరచెయ్యి చాపి, "కార్డు, వచ్చింది" అంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఈ కార్డున్న వాళ్ళతో మేం బయట కలవకూడదు. రూలు. శుక్రవారం నుంచి దీనికోసం ఎందుకు పీక్కుతింటున్నాననుకున్నారు?"

"వదిలించుకోవడానికి."

"ఆరేళ్ళు సిగ్నళ్ళు చూశారు" అంది, తల అడ్డంగా ఊపి. "ఆదివారం డ్యూటీ ఉందా, హిగాకి గారూ?"

నా పేరు ఆవిడకి తెలుసు.

"లేదండీ."

"అయితే పదింటికి, స్టేషన్ ముందు గడియారం దగ్గర."

గేటు దాటి పది అడుగులు వేశాక సుమిరె తలెత్తి నన్ను చూసింది.

"మామయ్య కళ్ళు, తడి. ఆగు."

ముగ్గురం వానలో ఆగాం.

"ఏమైంది మామయ్యా?"

"ఆదివారం" అన్నాను.