అడగకుండా చేసిన డబ్బా

"మైక్ చేతికిస్తే చాలు, గిట్లనే అబద్ధాలు చెప్తవా?"

పోటీ ఫలితాలు చెప్పి పది నిమిషాలు కూడా కాలేదు. బయట కుండపోత వాన. కాలేజీ పోర్టికోలో క్యారల్ నా ఎదురుగా నిలబడి, మా ప్రాజెక్టు డబ్బాని రెండు చేతులతో నా పొట్టకేసి నొక్కింది.

"నేనేం అబద్ధం చెప్పిన?"

"యూజర్ రీసెర్చ్ అంతా క్యారల్ చూసుకుంది అన్నవ్. లాలాగూడకు రా, మా డాడీవాళ్లు ఎట్ల తింటరో జెర చూడు అని ఎన్నిసార్లు పిలిచిన? పిలిచినప్పుడల్లా కంప్యూటర్ల బొమ్మ రెండరింగ్ ఉంది, బిజీ అన్నవ్!"

నిజమే. కానీ ఆ పూట నా నోటికి నిజం వచ్చే యోగం లేదు. "ఓడిపోయినమని నా మీద పడుతున్నవా?" అనేశాను.

ఆమె నన్నొక చూపు చూసింది. ఆ కళ్లు అంత పెద్దవని సరిగ్గా అప్పుడే గమనించడం నా ఖర్మ.

"నెక్స్ట్ సెమిస్టర్ ప్రాజెక్టు నేనొక్కదాన్నే చేస్త. ప్రేమమణి మేడమ్‌కు చెప్పేస్త" అని, వానలోనే ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

నా పేరు విజయేందర్. ఉండేది చిలకలగూడ, చదివేది ప్రాడక్ట్ డిజైన్ మూడో ఏడు. పోటీకి మేమిద్దరం కలిసి చేసింది పనివాళ్ల కోసం లంచ్ డబ్బా. క్యారల్ వాళ్ల నాన్న సైలస్ గారు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆయన తోటివాళ్లకు పనికొచ్చేలా చేద్దామన్నది ఆమె ఆలోచన. ఐదు అరలు, అరకో మూత, మూతకో క్లిప్ పెట్టి, ఒళ్లో పెట్టుకుని ఒక్కరే తినేలా చేసింది మాత్రం నేను. చూడ్డానికి ఎంత ముద్దొచ్చేదో! జ్యూరీలో ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఎవరైనా తిన్నారా?" అని అడిగారు. అప్పుడే నేను, వాడేవాళ్లను కలిసి అడిగే పనంతా క్యారల్‌దేనని మైక్‌లో చెప్పాను. మాకు కన్సొలేషన్ కూడా రాలేదు.

ప్రైజ్ పోయినందుకు రెండు గంటలు బాధపడ్డాను. క్యారల్ పోయినందుకు రెండు రోజులు అన్నం సహించలేదు. స్టూడియోలో ఆమె నా స్కెచ్ మీదకు వంగి "ఏందీ, గిట్లుంది?" అని వెక్కిరించకపోతే నాకు తిన్నగా గీత కూడా పడదని తెలిసొచ్చింది.

ఓడిన ప్రతి టీమూ 'ఎక్కడ తప్పింది' అని ఒక పేజీ రాసి క్లాస్ గ్రూపులో పెట్టాలి. అది మాకు ప్రాజెక్టులు చూసే ప్రేమమణి మేడమ్ రూలు. శనివారం పొద్దున్నే కూర్చున్నాను. మొదట రాసినప్పుడు తప్పంతా జ్యూరీది. మళ్లీ రాస్తే టైమ్‌ది. రెండూ చెరిపేసి, ఉన్నదున్నట్టు రాశాను. క్యారల్ పిలిచింది, నేను వెళ్లలేదు, స్టేజీ మీద నెపం ఆమె మీదకు నెట్టాను. రాస్తున్నకొద్దీ హుషారొచ్చింది. ఆ హుషారులో చివర ఇంకో వాక్యం కూడా తగిలించి గ్రూపులో పెట్టేశాను. వెంటనే భయమేసి ఫోన్ ఆఫ్ చేశాను. మా డబ్బాలోనే అమ్మ చేత అన్నం, కూరలు పెట్టించుకుని లాలాగూడ ఆటో ఎక్కాను.

వర్క్‌షాప్ గేటు బయట ఒక రేకుల షెడ్డుంది. మధ్యాహ్నం సైరన్ మోగగానే ఏడెనిమిది మంది వచ్చి పేపర్లు పరుచుకున్నారు. సైలస్ అంకుల్ ఎవరని అడిగాను.

"నేనే. నువ్వు విజయేందర్‌వి కదూ? మా అమ్మాయి రెండ్రోజుల నుంచి తిడుతున్నది నిన్నే. కూర్చో బాబూ, తిట్లు తిన్నవాడు అన్నం తినకూడదని ఎక్కడా లేదుగా!"

కూర్చుని చూద్దును కదా, ప్రతివాళ్లూ కూర తీసి మూతలో పోసి మధ్యకు తోసేశారు. అన్ని చేతులూ అన్ని మూతల్లోకీ వెళ్తున్నాయి. నా పక్కనున్న పర్వతాలు అనే పెద్దాయన నా డబ్బా వైపు చెయ్యి చాచాడు. క్లిప్ జారింది. ఇంకోసారి లాగాడు, రాలేదు.

"ఇదేందిర బిడ్డా, కూరకు తాళమేసినవ్? మేమేమన్న దొంగలమా?"

షెడ్డంతా గొల్లుమంది.

"ఈడ ఎవ్వని కూర వాడు తినడు. ఇంట్ల లొల్లయ్యి ఉత్తన్నమే తెచ్చుకున్నోడు సుత కడుపునిండ తినాలె. సమజైందా?"

సమజైంది! ఇన్ని వారాలు కంప్యూటర్ ముందు కూర్చున్నా తట్టనిది అరనిమిషంలో తెలిసింది. పప్పు చేత్తోనే నోట్‌బుక్ తీసి కొత్త బొమ్మ గీసేస్తున్నాను. ఓడిపోయినవాడికి ఇంత ఆనందం ఉండొచ్చా అనిపించింది.

"ఫోన్ ఎందుకు ఆఫ్ చేసినవ్? మీ అమ్మనడిగితే ఈడికొచ్చినవన్నది!"

తలెత్తితే క్యారల్. సగం తడిసింది, రొప్పుతోంది.

"చదివినవా?" అన్నాను.

"నేనొక్కదాన్నేనా? నలభై మంది చదివిన్రు! 'నాకు ఇష్టమైన అమ్మాయి మాట వినకపోవడమే నా అసలు తప్పు' అని రాసినవ్!"

సైలస్ గారి ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నా చెవులు కాలిపోయాయి.

"మేడమ్... మేడమ్ ఏమన్నది?"

"కింద ఒక్కటే లైన్ పెట్టింది. 'ఈ సంగతి ఆ అమ్మాయిని అడిగావా, ఇది కూడా అడక్కుండానే తేల్చేశావా?' అని."

షెడ్డులో అందరూ నా వైపు తిరిగారు.

"అడుగు బిడ్డా, జెర జల్ది. మాకు మళ్ల సైరనైతది" అన్నాడు పర్వతాలు.

నేను సైలస్ గారి వైపు చూశాను. "నన్ను చూస్తావేం? అడగాల్సింది అటు" అన్నారాయన.

లేచి నిలబడ్డాను.

"క్యారల్, మొన్న నేను చెప్పింది అబద్ధం. సారీ. నువ్వంటే నాకు మస్తు ఇష్టం. నీకెట్లుందో నాకు తెల్వదు. చెప్పు. ఏం చెప్పినా వింట."

ఆమె వాళ్ల నాన్నను చూసింది, నన్ను చూసింది. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది.

"లంచ్ ఫోటోలు నేను తీస్కరాలేనా? నిన్ను రమ్మన్నది మా డాడీకి చూపియ్యనీకి, పిచ్చోడా!"

ఈలలతో షెడ్డు ఎగిరిపోయింది. సైలస్ గారు మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా పక్కకు జరిగి, నా పక్కన కూతురికి చోటిచ్చారు.