రెండు మెలికల రాగి తీగ

పొద్దున్నే టీ గ్లాసు పెట్టి, కోడలు పలకకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెద్దాయనకు మనసు చివుక్కుమంది. "చక్కెర తగ్గించాను, మొహం మాడ్చుకోకండి మామయ్యా" అని రోజూ ఒక మాట అనందే ఆ పిల్లకు పొద్దు గడవదు. ఇవాళ ఆమె ఎడమ మణికట్టుకు కట్టు ఉంది. ఆమె పనిచేసే చెత్త వేరుచేసే షెడ్డులో నిన్న ఏదో పేలిందట. అంతకుమించి చెప్పలేదు.

"చెయ్యి నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడి.

ఆమె గుప్పిట విప్పి ఆయన ముందు పెట్టింది. మసిబారిన రాగి తీగ. రెండు మెలికలు, ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచిన కొస. నలభై ఏళ్ళు స్టవ్వులు బాగుచేసిన ఆయన చెయ్యి వేసిన ముడి అది.

"ఇది ఎవరి ముడో చెప్పండి."

పెద్దాయన ఆ ముడిని గుర్తుపట్టాడు. "పెరటి గది ఖాళీ చెయ్యమన్నావుగా. అక్కడి చిన్న గ్యాస్ డబ్బా ఒకటి కాగితంలో చుట్టి, తీగతో కట్టి చెత్తలో వేశాను. ఖాళీదేనమ్మా! చెవి దగ్గర పెట్టుకుని ఊపి మరీ చూశాను."

"టీ చల్లారిపోతోందని మూడుసార్లు అరిస్తే వినపడదు మీకు. డబ్బాలో మిగిలిన గ్యాస్ వినపడిందా?" అంది కోడలు. "చెత్తను నొక్కే ప్రెస్సులో పడగానే పేలింది మామయ్యా. నా పక్కనుండే అక్కకు కనుబొమ్మలు కాలిపోయాయి. ఇంకో జానెడు ముందుకు వంగి ఉంటే కళ్ళే పోయేవి. ఎవరింటిదని అందరినీ అడిగారు. నేను తీగ జేబులో దాచుకుని తల అడ్డంగా ఊపాను."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగించిన చేతులివి!

"నాకోసం నువ్వెందుకు అబద్ధం మొయ్యాలి తల్లీ? పద, నేనే చెబుతాను. గదిలో ఉన్న మిగతావి ఎక్కడ ఇవ్వాలో కూడా చూపించు."

"షెడ్డు పక్కనే వీటికి వేరే కిటికీ ఉంది. చేతికిస్తే చాలు."

ఇద్దరూ పెరటి గదిలో కూర్చున్నారు. గ్యాస్ డబ్బాలు, ఎండిన రంగు డబ్బాలు, ఉబ్బిన బ్యాటరీలు వేర్వేరుగా సర్దారు. ఒక గ్యాస్ డబ్బా అలవాటుగా చెవి దాకా పోయింది. ఆయనే సిగ్గుపడి దించేశాడు.

"నాకు రాత రాదు. నువ్వు చీటీ రాయి, నేను కడతాను."

"ఏమని రాయను?"

"ఖాళీ అని నమ్మొద్దు."

ప్రతి గ్యాస్ డబ్బాకూ ఒక చీటీ, రెండు మెలికలు.

షెడ్డులో కనుబొమ్మలు లేని ఆ మనిషి ముందు ఆయన చేతులు జోడించాడు. "ఆ డబ్బా నాదేనమ్మా. ఈ పిల్ల నా పరువు కోసం నోరు మూసుకుంది. తిట్టేదుంటే నన్ను తిట్టు."

ఆమె కోపంగా చూసింది. తర్వాత డబ్బాలకు వేలాడుతున్న చీటీలు ఒక్కొక్కటే చదివింది. "కనుబొమ్మలు మొలుస్తాయిలే పెద్దాయనా. ఈ బుద్ధి మాత్రం నిన్నటికి ముందు మొలిచి ఉంటే బాగుండేది."

ఆ మాటకు కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చాడు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు వచ్చింది. "చక్కెర తగ్గించాను. మొహం మాడ్చుకోకండి మామయ్యా."

ఒక్క గుక్క తాగాడు. నిజంగానే చప్పగా ఉంది. కళ్ళు తుడుచుకుంటూ, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు.