పదిహేడో ఎత్తు

ఉదయం 11:52. చదరంగం టోర్నమెంట్‌లో ఆఖరి రౌండ్. ఒకటో టేబుల్‌లో గెలిచినవాడికే కప్పు.

తెల్లపావులతో ఆడుతున్న టైలర్ చెంపకు చెయ్యి ఆనించి బోర్డు మీదికి వంగి ఉన్నాడు. గడియారంలో ఆయన టైమ్ అయిపోయింది. ఆ మాట చెబుదామని, ఆటలు పర్యవేక్షించే ఆర్బిటర్ భుజం తట్టాడు.

మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

ఎదురుగా నల్లపావులతో కూర్చున్నది సొంత తమ్ముడే.

"గుండెపోటు," అన్నాడు డాక్టర్. "నాలుక కింద మాత్ర పెట్టుకునుంటే బతికేవాడు."

12:30కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని జిడ్డు అంటారు.

"మాత్రలు ఉండేవా?"

"చిన్న డబ్బీ, ఎప్పుడూ టేబుల్ మీదే సార్," అన్నాడు ఆర్బిటర్. "ఆట మొదలైనప్పుడు చూశాను."

ఇప్పుడది లేదు.

జిడ్డు తమ్ముడి వైపు తిరిగాడు. "అన్న పోయింది ఎప్పుడు?"

"నాకేం తెలుసు సార్? నా ఎత్తు వేసి గడియారం నొక్కా. నలభై నిమిషాలు ఆలోచించాడు. మామూలేగా అనుకున్నా. పంతొమ్మిదేళ్లుగా మంత్రి ముందు బంటుతోనే మొదలెడతాడు, ఇట్లాగే నానుస్తాడు."

"ఒక్కసారైనా గెలిచావా?"

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

జిడ్డు ఇద్దరూ ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్లు పక్కపక్కన పెట్టాడు. "ఎదుటివాడి ఎత్తు ఎప్పుడు రాసుకుంటారు?"

"వెయ్యగానే సార్. ఆ తర్వాతే ఆలోచన," అన్నాడు ఆర్బిటర్. "టైలర్‌గారు అందులో మహా ఖచ్చితం."

టైలర్ షీట్ తన పదిహేడో ఎత్తుతో ఆగిపోయింది. తమ్ముడి జవాబు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"నలభై నిమిషాలు ఆలోచించినవాడు రెండక్షరాలు రాయలేకపోయాడా? నువ్వు ఎత్తు వేసేసరికే ఆయనకి చెయ్యి లేవడం లేదు. జేబులు చూపించు."

చొక్కా జేబులో డబ్బీ దొరికింది.

"వేలితో చూపించి అడిగాడు," అన్నాడు తమ్ముడు. "నేనే తీసి జేబులో వేసుకున్నా." గొంతులో వణుకన్నది లేదు. "టైమ్ అయిపోయిందిగా? పాయింట్ నాదేగా?"

పగవాడికి కూడా ఇలాంటి తోడబుట్టినవాడు వద్దు.

ఆర్బిటర్ బోర్డునే చూస్తున్నాడు. "నీ పదిహేడో ఎత్తులో గుర్రాన్ని ఎందుకు కొట్టావయ్యా? దాన్ని వదిలేసి మంత్రిని కిందికి దించి ఉంటే ఆటకట్టు. ఆ ఒక్క ఎత్తుతో గెలిచేవాడివి."

తమ్ముడు బోర్డు మీదికి వంగాడు. అప్పుడు కనపడింది.

బేడీలు వేస్తుంటే భోరుమన్నాడు. "ఎట్లా చూసుకోలేదు సార్, ఎట్లా చూసుకోలేదు," అని జీపెక్కేదాకా అడుగుతూనే ఉన్నాడు.