కార్పెట్ కింది వైరు

ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నా చేతికి వచ్చింది అరవై మూడో ఏట. ఒత్తులు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట జారిపోతాయి. ఒక పేజీ నిండడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే ఈ కథ మీ దగ్గరకు రావడానికి ఇంత ఆలస్యమైంది. తెలిసినవాళ్ళు ఒత్తులు దిద్దారు. మిగిలిన తప్పులన్నీ నావే.

ఆ రోజు మంగళవారం. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. తాటిపాకలోని ఆ పెంకుటింటి ముందు మధుబాబు ఎప్పటిలాగే బకెట్టు, పాత లుంగీ గుడ్డ పట్టుకుని కారు తుడుస్తున్నాడు. లోపల అతని భార్య శారోన్, రెండో తరగతి చదివే కూతురు క్రిస్టీనాకు జడ వేస్తోంది. మధు తల్లి కాంతమ్మ వరండాలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది.

కారుకు ఏడాదిన్నర వయసు. గ్యాసు బావుల దగ్గర పనిచేసే ఇంజనీర్లను తిప్పడానికి కాంట్రాక్టు మీద పెట్టాడు మధు. ఇంట్లో తినే ప్రతి ముద్దా దాని నుంచే వచ్చేది. అందుకే దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తోటి డ్రైవర్లు పెద్ద హారన్లు, కాళ్ళ కింద వెలిగే నీలం లైట్లు పెట్టించుకుంటే చూసి నవ్వేవాడు. తనది స్టాక్ కారని, ఫ్యాక్టరీ నుంచి ఎలా దిగిందో అలాగే ఉందని, మూడేళ్ళ పాటు ఏం వచ్చినా కంపెనీయే చూసుకుంటుందని స్టాండులో గర్వంగా చెప్పుకునేవాడు.

అందులో కంపెనీ ఇవ్వని వస్తువులు రెండే ఉండేవి. ఒకటి సీటు కవర్లు. వాటిని శారోన్ తమ్ముడు సుభాష్ వేశాడు. అతనికి కొత్తపేటలో కార్లకు కవర్లు, లైట్లు అమర్చే చిన్న షాపు ఉండేది. రెండోది డ్యాష్‌బోర్డు మీద అరచేయంత గాజు సిలువ. సాయంత్రమైతే లోపల చిన్న ఎర్ర బల్బు వెలిగేది. అది కాంతమ్మ భర్త దేవసహాయం గారిది. ముప్పై ఏళ్ళు చర్చి మీద సిలువకు దీపం వేసిన మనిషి ఆయన. ఆయన పోయాక, కొడుకు రాత్రుళ్ళు తిరిగే బండిలో అది ఉండాలని కాంతమ్మ పట్టుబట్టి పెట్టించింది. అది దేనితో వెలుగుతుందని మధు అడిగితే, సెల్సు వేశారని చెప్పింది.

ఆ మంగళవారం మధు తాళం తిప్పగానే కారు లోపల నుంచి కాలిన వాసన వచ్చింది. తర్వాత పొగ. క్రిస్టీనా స్కూలు బ్యాగు పారేసి అరిచింది. మధ్యాహ్నానికి కారును లాక్కుంటూ అమలాపురం సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళారు.

సాయంత్రం మధు బస్సులో తిరిగొచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నల్ల టేపు చుట్టిన కాలిన వైరు ముక్క. అక్కడి సూపర్‌వైజరు చెప్పిందంతా పూస గుచ్చినట్టు ఇంట్లో చెప్పాడు. సీటు కవర్లు, మ్యాట్లు వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఇంజనుకు, గేర్లకు వారంటీ ఇప్పటికీ ఉంది. కానీ డ్రైవరు కాళ్ళ దగ్గర, కార్పెట్ కింద, కంపెనీ వైరును ఎవరో కోసి ఇంకో వైరు అతికారు. దానికి ఫ్యూజు కూడా లేదు. కాలి తెగిపోవడంతో అది దేనికి పోయిందో వాళ్ళకూ తెలియలేదు. అతుకులో తడి చేరి మంట పుట్టింది. వైరింగు, బండిని నడిపించే కంప్యూటరు రెండూ పోయాయి. మార్చిన దాని మూలంగా పాడైనదానికి కంపెనీ పూచీ ఉండదు. వైరింగు వరకు ఇది స్టాక్ కారు కాదని కాగితం మీద రాసిచ్చారు. బాగు చేయించాలంటే కారు కొన్న ధరలో నాలుగో వంతు పెట్టాలి. ఆ డబ్బు ఆ ఇంట్లో లేదు.

"కార్పెట్ ఎత్తినోడు ఒక్కడే," అన్నాడు మధు, భార్య వైపు చూసి. "మీ తమ్ముడు. నీలం లైట్లు ఊరికే పెడతానని నా ప్రాణం తీసేడు కదా. వద్దన్నా వైరు లాగేసుంటాడు."

కాంతమ్మ చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది. ఆ వైరు లాగింది సుభాష్ కాదని ఆమెకు తెలుసు. మైకు సెట్లు అద్దెకిచ్చే వీర్రాజును పిలిపించింది తనే. మధు రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న మధ్యాహ్నం, సిలువకు కరెంటు ఇప్పించింది తనే. సెల్సు ఎప్పుడూ లేవు.

ఇంకో సంగతి కూడా ఆమెకొక్కదానికే తెలుసు. ఈస్టరు ముందు కవర్లు వేయడానికి వచ్చినప్పుడు సుభాష్ ఆ అతుకును చూశాడు. "అత్తయ్యగారూ, ఇది ఎవరు కలిపేరండి? తీసేస్తానండి, వారంటీ పోద్ది," అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అది మావయ్యగారి దీపమని, ఆరిపోనివ్వొద్దని, మధుకు చెప్పొద్దని బతిమాలింది. సుభాష్ కాసేపు తల గోక్కున్నాడు. "ఆయ్, చెప్పనండి. ఈసారి వచ్చినప్పుడు ఫ్యూజు ఏస్తాను," అని అతుకు మీద నల్ల టేపు చుట్టాడు. ఆ తర్వాత కారు అతనికి మళ్ళీ ఖాళీగా దొరకలేదు.

ఆదివారం చర్చి అయ్యాక సుభాష్‌ను భోజనానికి రమ్మన్నారు. విస్తరి ముందు కూర్చోగానే మధు ఆ వైరు ముక్కను అతని ముందు పెట్టాడు.

"ఈ టేపు ఎవరిది సుభాషూ?"

సుభాష్ దాన్ని చూశాడు. "నాదేనండి బావగారూ."

"వైరు కోసింది?"

"నేను కాదండి."

"మరి ఎవరు?"

సుభాష్ తలెత్తి కాంతమ్మ వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. కాంతమ్మ గుమ్మం దగ్గర చారు గిన్నె పట్టుకుని ఉంది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు విన్నట్టనిపించింది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పాలు ఇంకా పొంగలేదు. అయినా అక్కడే నిలబడింది.

"చెప్పలేనండి," అన్న సుభాష్ గొంతు వంటింట్లోకి వినిపించింది.

"చెప్పరా తమ్ముడూ," అని శారోన్ ఏడుపు గొంతుతో అంది. మధు పెద్దగా కేకలేమీ వేయలేదు. తన బిడ్డ నోటి దగ్గర కూడు తీసేశావని, ఇక ఈ గుమ్మం తొక్కొద్దని నెమ్మదిగానే చెప్పాడు. సుభాష్ అన్నం ముట్టకుండా లేచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

పది రోజులు కారు పెట్టకపోయేసరికి కాంట్రాక్టు ఇంకొకరికి పోయింది. మధు స్టాండులో కనిపించిన ప్రతి డ్రైవరుకూ కొత్తపేట షాపు గురించి చెప్పాడు. రాజోలు నుంచి రావులపాలెం దాకా ఆ మాట పాకింది. దసరాకు సుభాష్ షాపు ముందు ఒక్క బండి కూడా ఆగలేదు. క్రిస్మస్ లోపే షట్టరు దించి, మస్కట్‌లో కార్లు కడిగే పనికి కాగితాలు పెట్టుకున్నాడు. రేపు చెప్తాను, ఈ ఆదివారం చెప్తాను అనుకుంటూ కాంతమ్మ ఆ నెలలన్నీ గడిపింది. చెబితే కొడుకు తనను ఎలా చూస్తాడో అన్న భయం ఒక్కటే ఆమె నోరు నొక్కింది.

ప్రయాణానికి ముందు రోజు సుభాష్ వచ్చాడు. మధు ఇంట్లో లేని వేళ చూసుకుని, గేటు బయటే నిలబడ్డాడు.

"వెళ్ళొస్తానండి అత్తయ్యగారూ. నా కోసం ప్రార్థన చెయ్యండి. మా అమ్మ చెయ్యి మీకు తెలుసు కదండి, అప్పుడప్పుడు చూసి రండి."

అతని తల్లి నాగమణికి కుడి చెయ్యి పడిపోయి మూడేళ్ళయింది. మాత్రలు కూడా కొడుకే నోట్లో వేసేవాడు. కాంతమ్మ తలూపింది. వైరు మాట అతను ఎత్తలేదు.

బాగు చేయించకుండానే ఇంటికి లాక్కొచ్చిన కారును జనవరిలో ఉన్నది ఉన్నట్టు అమ్మేశారు. కొన్నవాళ్ళు వచ్చేలోపు, నాన్న సిలువ తీసి అమ్మకు ఇద్దామని మధు డ్యాష్‌బోర్డు మీద దాన్ని పట్టుకుని లాగాడు. సిలువతో పాటు వెనక నుంచి ఒక వైరు బయటకు వచ్చింది. చివర కాలి, నల్లగా ఉంది. మధు సిలువను తిప్పి తిప్పి చూశాడు.

"అమ్మా, సెల్సు ఎక్కడ ఏసేరు?"

కాంతమ్మ వరండా స్తంభం పట్టుకుంది.

"సెల్సు లేవు నాన్నా."

ఆ తర్వాత అన్నీ చెప్పింది. వీర్రాజు సంగతి, ఈస్టరు ముందు సంగతి, పొంగని పాల సంగతి కూడా చెప్పింది. మధు కారు పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నేను స్టాండులో ప్రతివాడికీ చెప్పేనమ్మా," అన్నాడు.

శారోన్ ఆ పూట అత్తగారికి అన్నం పెట్టింది. పెట్టి, ఎదురుగా నిలబడింది. "మా వాడు అన్నం తినకుండా లేచి వెళ్ళిపోయిన రోజు మీరు వంటింట్లోనే ఉన్నారు కదండీ, అత్తయ్యగారూ?"

"ఉన్నానమ్మా."

మధు ఆ రాత్రే మస్కట్‌కు ఫోన్ చేశాడు. ఏడ్చాడు. సుభాష్ అటునుంచి, "పోన్లెండి బావగారూ. అత్తయ్యగారిని ఏమీ అనకండి," అన్నాడు. రెండేళ్ళకు సంతకం పెట్టానని, మధ్యలో రావడానికి వీల్లేదని చెప్పాడు. మర్నాడు మధు స్టాండుకు వెళ్ళి, తప్పు తన ఇంటిదేనని నలుగురిలో ఒప్పుకున్నాడు. అందరూ అయ్యో అన్నారు. కానీ కొత్తపేటలో ఆ షాపులోకి అప్పటికే ఎవరో బిర్యానీ పాయింటు తెచ్చి పెట్టారు.

కాంతమ్మ రెండు చీరలు సంచీలో పెట్టుకుని కొత్తపేట బస్సెక్కింది. నాగమణి మంచం పక్కన నేల మీద కూర్చుని జరిగింది చెప్పింది.

"మీరేనని మా వాడికి తెలుసా అండి వదినగారూ?" అని నాగమణి అడిగింది.

"తెలుసండి."

"మొదట్నించీనా?"

"మొదట్నించీ."

నాగమణి గోడ వైపు తిరిగి పడుకుంది. కాంతమ్మ లేచి, సింకులో ఉన్న గిన్నెలు తోమింది. అన్నం వండింది, కలిపి నోట్లో పెట్టింది, మాత్రలు వేసింది. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. నాలుగో రోజు నాగమణి మొదటిసారి నోరు తెరిచింది. "పప్పులో ఉప్పెక్కువైందండి," అంది.

సుభాష్ ఫోన్ చేసినప్పుడల్లా కాంతమ్మ ఆ గదిలోంచి బయటకు వెళ్ళిపోయేది. నోటితో చెప్పడం తన వల్ల కాదని ఆమెకు తెలిసిపోయింది. ఇంకొకరి చేత రాయించడానికి మనసొప్పలేదు. ఆదివారాలు తల్లితో పాటు వచ్చే క్రిస్టీనాను అక్షరాలు నేర్పమంది. పిల్ల తన పాత పలక తెచ్చింది. వంకర రాస్తే టీచరులాగా, "మళ్ళీ దిద్దు నాన్నమ్మా," అనేది. అలా ఎనిమిది నెలలు పట్టింది. ఒకరోజు కాంతమ్మ కాగితం మీద ఇలా రాసింది:

"సుభాష్ బాబూ, ఆ వైరు నేనే పెట్టించాను. ఆ ఆదివారం నువ్వు నా వంక చూశావు. నేను లోపలికి వెళ్ళిపోయాను."

అతనికి తెలియనిది అందులో ఒక్క ముక్క లేదు. అయినా క్రిస్టీనా దాన్ని ఫోటో తీసి నాగమణి ఫోన్ నుంచి పంపింది. చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. రెండు రోజులు ఏ జవాబూ రాలేదు. మూడో రోజు ఒక వరుస వచ్చింది.

"అమ్మ మాత్రలు వేసుకుందా అండి?"

వేసుకుందని కాంతమ్మ ఒక్కో అక్షరం వెతికి నొక్కింది. అప్పటినుంచి రోజూ అదే ప్రశ్న వస్తుంది, అదే జవాబు వెళుతుంది. వైరు గురించి అతను ఎన్నడూ రాయలేదు. సిలువ ఆమె సంచీ అడుగున ఉంది. దాన్ని మళ్ళీ వెలిగించలేదు.

మొన్నటితో రెండేళ్ళ గడువు తీరింది. సుభాష్ ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టాడని శారోన్ వచ్చి చెప్పింది. నాగమణి గోడ వైపు తిరిగింది. సాయంత్రం ఫోన్‌కు మెసేజీ వచ్చింది. అమ్మ మాత్రలు వేసుకుందా అని అడిగాడు. కాంతమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో దగ్గరగా చూసుకుని, "వేసుకుంది బాబూ," అని రాసి పంపింది.

ఇది రాసింది కాంతమ్మ, అరవై అయిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది కొత్తపేటలో, నాగమణి గారింట్లో.