ఒంటి దీపం మలుపు

మిచొవాకాన్ తీరం వెంట పోయే రోడ్డు మీద లారీవాళ్ళు ఒక్క మలుపు దగ్గర మాత్రం పాటలు ఆపేస్తారు. ఒక పక్క కొండ. ఇంకో పక్క నిలువులోతున సముద్రం. అంచున తెల్ల సిలువ.

పొద్దు గుంకాక అక్కడ మన బండి వెనక ఒకే ఒక్క దీపం పుడుతుందట. మనం నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. దారిచ్చినా దాటిపోదు. వెనకే... వెనకే వస్తుంది. మలుపు తిరిగాక ఆరిపోతుంది.

ఫెర్మీన్ ఆ మలుపెక్కిన సాయంత్రం ఏం జరిగిందో, విన్నది విన్నట్టు చెబుతాను.

ఫెర్మీన్ మొరేలియా పట్నంలో బళ్ళు బాగుచేసుకు బతికే మనిషి. యాభై ఆరేళ్ళు. పాత ఆకుపచ్చ కోంబీ వ్యానుని తన చేత్తోనే చిన్న ఇల్లులా మార్చుకున్నాడు. లోపల మడత మంచం, గ్యాసు పొయ్యి, కిటికీకి భార్య కూకా కుట్టిన పూల తెర. ఏడాదికోసారి ఒక్కడే తీరం వెంట తిరిగొస్తాడు. ఈసారి కూడా "చేపలకి పోతున్నా" అని బయల్దేరాడు. గాలం మాత్రం ఇంట్లోనే మరిచిపోయాడు. కూకా అది చూసింది.

మలుపుకి ఇవతల దోన్యా తీలా అనే ముసలావిడ పూటకూళ్ళ పాక ఉంది. అక్కడ చేపల పులుసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"పొద్దు వాలింది. బండి ఇక్కడే నిలుపుకో నాయనా," అంది ముసలావిడ. "ఒంటి దీపం వెంటపడితే ఈ డొక్కు బండితో పరిగెత్తలేవు."

"దెయ్యం వెనక నుంచి తోస్తే గానీ అది కొండెక్కదులే!" పక్క బల్ల దగ్గర లారీ డ్రైవరు నవ్వాడు.

"నవ్వు, నవ్వు. నిన్న లోపలికి వచ్చినప్పుడు నీ మొహాన నెత్తురు చుక్క లేదు." ఆవిడ ఫెర్మీన్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నబోర్ అని, కొబ్బరికాయలు దింపేవాడు. బంగారంలాంటి మనిషి. పోయి ఏడాదైంది. ముందు బండివాడెవడో దారిచ్చాడు. నమ్మి దాటబోయాడు... ఎదురుగా లారీ. ఆ ఇద్దరిలో ఒక్కడూ ఆగలేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఫెర్మీన్ నోరు జారాడు. "చీకట్లో ఎవరికి మాత్రం ఏం కనిపిస్తుంది?"

ముసలావిడ అతని వంక చూసింది.

"చీకట్లో అని నేనన్నానా?"

పులుసు సగంలో వదిలి లేచాడు.

ఆ రోడ్డుకి ఒక మర్యాద ఉంది. ముందు పోయే నిదానం బండికి దారి కనిపిస్తుంది, వెనకవాడికి కనిపించదు. అందుకని ముందువాడు చూసి ఎడమ లైటు వేస్తాడు. 'ఖాళీగా ఉంది, వెళ్ళు' అని. వెనకవాడు ఆ లైటు మీద ప్రాణం పెట్టి దాటతాడు. దాటుతూ, మేలు చేశావని చెయ్యెత్తుతాడు.

నిరుడు ఆ లైటు వేసింది ఫెర్మీనే.

ముందు చూసి వెయ్యలేదు. వెనక మోటారుసైకిలు వెలుగు అద్దంలోంచి కంట్లో పొడుస్తోంది. కోంబీ ఎక్కలేక మూలుగుతోంది. విసుగు పుట్టి, వెనకవాడు వదిలిపోతే చాలనుకుని లైటు వేసేశాడు. నబోర్ దాటుతూ చెయ్యెత్తాడు... అంతే, పెద్ద చప్పుడు. లారీ ఆగకుండా దూసుకుపోయింది. ఫెర్మీన్ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. వెళ్ళిన కాలు వెనక్కి వచ్చింది. బండి పక్కనుంచి పోనిచ్చాడు. అద్దంలో, పడిన మోటారుసైకిలు దీపం ఇంకా వెలుగుతోంది. ఆ వెలుగులో ఒక చెయ్యి కదిలింది.

'వెనక ఎవరో వస్తారులే' అనుకున్నాడు.

ఇల్లు చేరాక కోంబీ వెనక తలుపు మీద ఉన్న పసుపు చేప స్టిక్కరు గీకి పారేశాడు. ఎండకి ఊడిపోయిందని కూకాతో చెప్పాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పడానికి నోరు రావాలి గదా! రాలేదు. ఏడాదిగా ముద్ద నోట పెట్టుకుంటే ఆ చెయ్యే గుర్తొచ్చేది. సంవత్సరీకం నాడు సిలువ దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించి, ఎవరి కంటా పడకుండా పోతే చాలనుకుని వచ్చాడు. పిరికివాడి మొక్కు అలాగే ఉంటుంది.

కోంబీ మలుపు ఎక్కడం మొదలుపెట్టింది. కింద సముద్రం హోరు. పైన ఇంకా చివరి ఎరుపు.

అద్దంలో చుక్కలా ఒక వెలుగు...

పెద్దదైంది. దగ్గరైంది. ఒక్కటే దీపం.

ఫెర్మీన్ వేగం పెంచాడు. అది పెంచింది. తగ్గించాడు. తగ్గించింది. కూకా కుట్టిన పూల తెర ఆ వెలుగుకి తెల్లబడింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

'పో... దాటిపో నబోర్. ఈసారి చూస్తాను. ఒట్టు, చూసే వేస్తాను.'

ముందుకి చూశాడు. మళ్ళీ చూశాడు. రోడ్డు కనుచూపు మేర ఖాళీ. ఎడమ లైటు వేశాడు.

దీపం దాటలేదు.

ఇంకా దగ్గరికొచ్చింది— వెనక తలుపుకి బెత్తెడు దూరం దాకా.

ఇక అతని వల్ల కాలేదు. సిలువ పక్కన బండి ఆపి, కొవ్వొత్తి పట్టుకుని దిగాడు. దీపమూ ఆగింది. ఇంజను ఆగింది. దాని వెనకనుంచి—

"ఎంత దూరం ఈడుస్తావన్నా? నా పెట్రోలు అయిపోవచ్చింది."

ఆడమనిషి! నెత్తిన శాలువా, కాళ్ళకి రబ్బరు చెప్పులు. అతుకులేసిన పాత మోటారుసైకిలు. ఫెర్మీన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"దెయ్యమనుకున్నావు కదూ? అందరూ అదే అనుకుంటారు. మంచిదేలే, దొంగలు దగ్గరికి రారు. నేను హోవితాని. నబోర్ పెళ్ళాన్ని." సిలువకేసి చూపించింది. "కొవ్వొత్తి ఆయనకేనా?"

"ఆఁ... పాకలో చెప్పుకుంటుంటే విన్నాను. పాపం అనిపించి..."

"ఈ దారిన ముందెప్పుడైనా వచ్చావా?"

"లేదు," అన్నాడు ఫెర్మీన్. "ఇదే మొదలు."

ఆమె కొవ్వొత్తి అందుకుని వెలిగించింది. సిలువ దగ్గర పెట్టలేదు. చెయ్యి అడ్డుపెట్టుకుని కోంబీ వెనక్కి నడిచింది.

"దారిచ్చినా దాటదేం ఈ దీపం అంటారు. దాటిపోతే ఎలా అన్నా? వెనక ఉంటేనే గదా, బండి వెనక తలుపు కనిపించేది."

"తలుపా?" అన్నాడు ఫెర్మీన్.

"నేను వెతుక్కుంటూ వచ్చేసరికి మా ఆయన బతికే ఉన్నాడు. తెల్లారేదాకా ఉన్నాడు. తల నా ఒళ్ళో పెట్టుకుని, లారీ ఏదైనా వస్తే చేర్చుదామని చూశాను. ఒక్కటీ రాలేదు." ఆమె కొవ్వొత్తి తలుపు దగ్గరికి ఎత్తింది. ఎండకి చుట్టూ రంగు వెలిసిపోయి, స్టిక్కరు గీకిన చోట మాత్రం పాత ఆకుపచ్చ అలాగే నిలిచింది. తోక, రెక్క, నోరు... నిండు చేప. ఆమె వేలు దాని అంచు వెంట నెమ్మదిగా తిరిగింది.

ఫెర్మీన్ ఆ చేపని అరచేత్తో కప్పబోయాడు.

"నిన్ను ఒక్క మాట అననివ్వలేదు ఆయన," అంది హోవితా గుసగుసగా. "'ఆకుపచ్చ కోంబీ హోవితా, వెనక చేప బొమ్మ. ఆయన నన్ను చూశాడు. చెయ్యి ఊపాను. సాయం తేవడానికే వెళ్ళాడు, వచ్చేస్తాడు, చూస్తూ ఉండు...' ప్రాణం పోయేదాకా ఇదే మాట. అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా."

కొవ్వొత్తి అతని మొహం దగ్గరికి తెచ్చింది.

"ఇప్పుడొచ్చావా, అన్నా?"