రెండు లైట్లూ వెలగాలి

"లైట్లు పెట్టమంటే నా పరువు తీశారు!" అంటూ ఆమె వ్యాన్ దిగింది. ముందురోజే, బండ్లకు వైరింగ్ చేసే అతని షాపులో కొత్త హెడ్‌లైట్లు పెట్టించుకుంది.

"ఏమైందండీ?"

"హై బీమ్ వేసినప్పుడు లో బీమ్ కూడా వెలగాలన్నాను. దూరమే కనిపిస్తే సరిపోదు, టైరు ముందు గుంత కూడా కనిపించాలి, బడిపిల్లల బండి అన్నాను. ఇప్పుడు లో వేసినా హై వెలిగిపోతోంది. ఎదురొచ్చిన ప్రతివాడూ తిట్టేవాడే!"

అతను బానెట్ ఎత్తి నాలుక కరుచుకున్నాడు. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్‌ని నిన్న తిరగేసి పెట్టేశాడు.

"ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ."

"మరి నిన్న?"

"నిన్న మీరు పక్కనే నిలబడ్డారు."

ఆమె నవ్వు కనబడకుండా షాపు బయట పడుతున్న వాన వైపు తిరిగింది. కౌంటర్లో ఉన్న అతని అక్క మాత్రం పైకే నవ్వేసింది.

ఈసారి సరిగ్గా కలిపాడు. నీళ్ళు దిగకుండా, తన అలవాటు ప్రకారం నల్ల టేపు కింది నుంచి పైకి చుట్టాడు. హై వేస్తే రెండూ కలిసి వెలిగాయి.

"ఇక చెడిపోదు కదా?"

"చెడిపోదండీ" అన్నాడు. అన్నాక తట్టింది. చెడిపోకపోతే ఆమె ఎందుకొస్తుంది?

రాలేదు. పొద్దున్నే, వాన మసకలో, ఆ వ్యాన్ షాపు ముందు నుంచి వెళ్ళిపోయేది. అతని చేతిలో టీ చల్లారిపోయేది.

"కాస్త వదులుగా బిగిస్తే నీ సొమ్మేం పోయేదిరా?" అంది అక్క.

"పిల్లల బండి అక్కా."

"అయితే ఇలాగే గుడ్లప్పగించి చూస్తూ ఉండు."

ఒక ఆదివారం వ్యాన్ వచ్చి ఆగింది. హై వేస్తే లో ఆరిపోతోందట. బానెట్ ఎత్తాడు. టేపు పై నుంచి కిందికి చుట్టి ఉంది.

"ఎవరు విప్పారిది?"

"అదే ఊడింది."

"ఊడి, మళ్ళీ అదే చుట్టుకుందా?"

అతని ముఖం మారిపోయింది.

"ఇదేం ఆటండీ? పిల్లలుంటారు. దారిలో గుంత కనబడకపోతే?" ఆమె వైపు తిరిగాడు. "మీకేమైనా అయితే?"

"పిల్లల్ని ఎక్కించుకుని అలా చేస్తానా?" ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "ఇవాళ బడి లేదుగా. మీ సందు మొదట్లోనే వైరు పీకి టేపు చుట్టాను. రోజూ ఇక్కడికొచ్చేసరికి బండి నెమ్మది చేస్తున్నాను. మీరొక్కసారైనా చెయ్యెత్తరేం?"

"మీరు హారన్ కొట్టరేం?"

"సరిపోయింది!" అంది అక్క. "మీ ఇంట్లో పెద్దవాళ్ళ నంబరు చెప్పమ్మా, నేనే మాట్లాడతాను."

ఆమె తలదించుకుని వాళ్ళ నాన్న నంబరు చెప్పింది.

అతను వైరు కలిపి పట్టుకుని, టేపు ఆమె చేతికిచ్చాడు.

"కింది నుంచి పైకి" అన్నాడు. "తొందరేం లేదు."